పదహారు గవ్వల ప్రశ్న: యోరుబా, క్యూబా, బ్రెజిల్ పద్ధతుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఈ గవ్వల ప్రశ్న ఏమిటి? ఎవరిది?

నైజీరియా నైరుతి భాగంలోనూ, దాని పక్కనున్న బెనిన్ దేశంలోనూ ఉండే యోరుబా ప్రజలు దేవతలను అడిగి ప్రశ్న చెప్పే పద్ధతి. పదహారు గవ్వలు వేస్తారు. ఎన్ని వెల్లకిలా పడ్డాయో, అంటే ఎన్నింటి నోరు పైకి ఉందో లెక్కపెడతారు. ఆ లెక్కకు ఒక పేరుంటుంది. ఆ పేరు కింద తరతరాలుగా కంఠస్థం చేస్తూ వచ్చిన పద్యాలు, కథలు, సామెతలు, నిషేధాలు, పరిహారాలు ఉంటాయి. గవ్వలు వేసే మనిషి వాటిని చెబుతాడు లేదా చెబుతుంది. వచ్చినవాళ్ళు తమ కష్టం అందులో ఎక్కడుందో పోల్చుకుంటారు.

యోరుబా దేవతలను ఒరిషాలంటారు. గవ్వల్లోంచి మాట్లాడేది ఒరిషాయే, గవ్వలు ఆ ఒరిషా నోళ్ళు అని వీళ్ళ నమ్మకం. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దంలో ఓయో సామ్రాజ్యం చితికిపోయిన రోజుల్లో లక్షలాది యోరుబాలను బానిసలుగా పట్టుకుని క్యూబాకు, బ్రెజిల్‌కు తరలించారు. వాళ్ళతోపాటు ఈ విద్య సముద్రం దాటింది. క్యూబాలో లుకుమి సంప్రదాయంగా (బయటివాళ్ళు సాంతెరియా అంటారు), బ్రెజిల్‌లో కాందోంబ్లేగా నిలబడింది. ఇప్పుడు మయామీ, న్యూయార్క్‌లోనూ ఉంది.

పేరుకు అర్థం ఏమిటి?

యోరుబాలో పదహారును "ఇరవైకి నాలుగు తక్కువ" అని చెబుతారు. ఎరిన్ అంటే నాలుగు, దిన్ అంటే తక్కువ, ఒగున్ అంటే ఇరవై. మూడూ కలిపితే ఎరిన్‌దిన్‌లోగున్, వాడుకలో మెరిన్‌దిన్‌లోగున్. క్యూబాలో అదే అరిగి దిలోగున్ అయింది. బ్రెజిల్‌లో మెరిన్‌దిలోగున్ అనే మాట ఉన్నా, జనం ఎక్కువగా అనేది జోగో ది బూజియోస్. బూజియో అంటే గవ్వ.

ఇక్కడి ఒగున్‌ను ఇనుముకు అధిదేవత అయిన ఒగున్‌తో కలపకండి. యోరుబాలో స్వరం మారితే అర్థం మారిపోతుంది. తెలుగు లిపిలో రాస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, నోట మాత్రం వేరు.

ఇఫా, గవ్వల ప్రశ్న ఒకటేనా?

ఇఫా కూడా యోరుబాల ప్రశ్న చెప్పే విద్యే. దగ్గరి బంధువులే కానీ రెండూ ఒకటి కావు. ఇఫా చెప్పేవాడిని బబలావో అంటారు. అతని చేతిలో ఉండేవి పదహారు తాటిజాతి గింజలు, లేదా ఎనిమిది పప్పుల ఒపెలే అనే గొలుసు. అక్కడ 256 ఒడులు ఉంటాయి. ఒడు అంటే ఒక్కో ఫలితానికి ఉండే పేరు, దాని వెనకున్న సాహిత్యమంతా. ఇఫాను 2005లో యునెస్కో గుర్తించింది, 2008లో ప్రతినిధి జాబితాలో చేర్చింది.

గవ్వలు బబలావోవి కావు. ఒషున్, యెమోజా, ఒబతాలా, షాంగో, ఓయా వంటి ఒరిషాల పూజారులవి, పూజారిణులవి. ఇఫా సంప్రదాయంగా మగవాళ్ళ చేతిలో ఉంటే, గవ్వలు ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇద్దరూ వేస్తారు. ఇఫాకు అధిపతి అయిన ఒరున్మిలా దగ్గర ఉంటూ ఒషున్ ఈ విద్య నేర్చుకుందని యోరుబా గాథ. క్యూబాలో చాలామంది అదే కథను యెమాయా (యెమోజాకు అక్కడి పేరు) పేరున చెబుతారు: ఆమె భర్త అయిన ఒరున్మిలా ఊళ్ళో లేనప్పుడు వచ్చినవాళ్ళకు తనే ప్రశ్న చెప్పిందట.

లెక్కలో ఇంకో తేడా ఉంది. ఒపెలే గొలుసులో 256 ఫలితాలకూ సమాన అవకాశం. గవ్వల్లో అలా కాదు, కొన్ని అంకెలు మాటిమాటికీ వస్తాయి, కొన్ని జన్మకో శివరాత్రి అన్నట్టు వస్తాయి. దాని గురించి కింద చెప్పాం.

ఏ గవ్వలు వాడతారు?

రెండు రకాలు. ఒకటి డబ్బు గవ్వ: పసుపుపచ్చగా, అంచులు కాస్త ముడులు తేలి ఉంటుంది. రెండోది ఉంగరం గవ్వ: వీపు మీద బంగారు రంగు గీత గుండ్రంగా ఉంటుంది. పరిమాణం సుమారు ఒకటిన్నర నుంచి మూడు సెంటీమీటర్లు.

ఇక్కడ మనకూ ఒక లింకుంది. డబ్బు గవ్వలకు పుట్టిల్లు మాల్దీవులు. అక్కడి నుంచి ఒడిశా, బెంగాల్ రేవులకు వచ్చేవి. యూరప్ వర్తకులు వాటిని ఓడ అడుగున బరువుగా వేసుకుని తీసుకెళ్ళి, మళ్ళీ పశ్చిమ ఆఫ్రికా తీరానికి చేర్చేవాళ్ళు. యోరుబా నేలలో అదే డబ్బు: 40 గవ్వలు ఒక దండ, 50 దండలు అంటే 2,000 గవ్వలు ఒక "తల", 10 తలలు అంటే 20,000 గవ్వలు ఒక సంచి. మనుషులను కొన్న ధర కూడా ఈ గవ్వల్లోనే కట్టారు. ఏ గవ్వలకు అమ్ముడుపోయారో ఆ గవ్వలనే దేవుడి నోరుగా చేసుకున్నవాళ్ళ విద్య ఇది. దీన్ని వట్టి జోస్యంగా తీసేసే ముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. "చిల్లిగవ్వ లేదు" అనే మన మాట కూడా గవ్వ డబ్బుగా ఉన్న కాలానిదే.

గవ్వను ఎలా తయారు చేస్తారు?

గవ్వకు సహజంగా ఒకవైపు పళ్ళున్న చీలిక ఉంటుంది. అదే నోరు. రెండోవైపు వీపు ఉబ్బుగా ఉంటుంది. అలాగే వేస్తే వీపు మీద దొర్లుతుంది, నిలకడగా కూర్చోదు. అందుకే వీపు తీసేస్తారు.

తడిపిన గరుకు రాయి మీద వీపును ఆనించి అరగదీస్తే ముందు ఒక చిన్న కన్నం పడుతుంది. అది పెరిగి పెరిగి వీపంతా తెరుచుకుంటుంది, లోపలి చుట్ట కనిపిస్తుంది. అంచు నేలకు సమంగా ఆనేదాకా అరగదీసి ఆపాలి. ఆకురాయితోనూ చేస్తారు. పొడిగా అరగదీస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీళ్ళు పోస్తూ చేయండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

తప్పులు ఎక్కువగా మూడు చోట్ల జరుగుతాయి. తక్కువ అరగదీస్తే వీపు కొంచెం ఉబ్బుగానే మిగిలి, గవ్వ ఊగుతుంది, పక్కకు ఒరుగుతుంది. ఎక్కువ అరగదీస్తే గోడ పల్చబడి, చాప మీద నాలుగు నెలలు పడేసరికి అంచు పెచ్చులూడుతుంది. మూడోది ఎక్కువమంది పట్టించుకోనిది: పదహారూ ఒకే సైజులో లేకపోవడం. ఒక పెద్ద గవ్వ, పక్కన చిన్నవి ఉంటే అరచేతుల్లో సరిగ్గా కలవవు, పెద్దది ముందే జారి పడుతుంది. పదహారు కావాలంటే ముప్పై తీసుకుని, వాటిలో సరిపోయేవి ఏరుకోండి. ఒక్కోదాన్ని గాజు పలక మీద రెండు వైపులా పెట్టి చూడండి. ఏ వైపూ ఊగకుండా నిలబడేవే ఉంచండి.

హారాలకు, బుట్టలకు కుట్టడానికి అమ్మే గవ్వలకు వీపు తీసే ఉంటుంది, కానీ అందం కోసం తీసింది కాబట్టి అంచు వంకరగా ఉంటుంది. వాటిని నమ్ముకోవద్దు.

పదహారేనా? 18, 21 అని కూడా వింటాం.

వేసేవి పదహారే. క్యూబా ఇళ్ళలో (ఇల్లు అంటే ఇక్కడ దీక్ష ఇచ్చే గురుకుటుంబం) ఒక్కో ఒరిషాకు సొంత గవ్వల జత ఉంటుంది. చాలా ఒరిషాలకు 18 గవ్వలు. వాటిలో రెండింటిని పక్కన పెట్టి పదహారు వేస్తారు. దారులు తెరిచే ఎలెగ్బాకు మాత్రం 21, ఆయనవి అయిదు పక్కన పెడతారు. ఇలా పక్కన ఉండే గవ్వలను అదెలే అంటారు. అవి వేసేవి కావు, కాపలా ఉండేవి. ప్రశ్న జరుగుతున్నంతసేపూ చాప మీదే, వేసే గవ్వలకు దూరంగా ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు అదెలేను కూడా కలిపి వేసేస్తుంటారు. అప్పుడు 17, 18 అనే లెక్కలు రావడానికి వీలుంటుంది, ఆ లెక్కలకు పేర్లే లేవు.

ఏ వైపు పడితే "మాట్లాడినట్టు"?

యోరుబా, క్యూబా పద్ధతుల్లో సహజమైన నోరు, అంటే పళ్ళున్న చీలిక పైకి ఉంటే మాట్లాడినట్టు. బోర్లా పడితే మౌనం. బ్రెజిల్‌లో కొన్ని ఇళ్ళు అరగదీసి తెరిచిన వైపునే "తెరిచినది"గా లెక్కిస్తాయి. అందుకే ఒక బ్రెజిల్ వీడియో, ఒక క్యూబా వీడియో చూసి నేర్చుకుంటే లెక్క తిరగబడిపోతుంది.

మన అష్టాచెమ్మా ఆడినవాళ్ళకు ఈ లెక్క చేతికి తేలిగ్గా వస్తుంది: నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. కానీ ఆటలో అన్నీ బోర్లా పడటం పెద్ద లాభం. ఇక్కడ పదహారూ బోర్లా పడితే ప్రశ్నే ఆపేస్తారు.

ఒక్కో అంకె పేరు, దాని మాట ఏమిటి?

క్యూబాలో వాడే పేర్లు, వాటితో వచ్చే సామెతలు ఇవి. సామెత తలుపు గడియ లాంటిది, గదంతా లోపలుంటుంది.

1. ఒకానా: లోకం ఒకటితో మొదలైంది, మంచి లేకపోతే చెడూ లేదు.
2. ఎయియోకో: అన్నదమ్ముల మధ్య బాణం.
3. ఒగుందా: ఒక వస్తువు కోసం తగువు, విషాదం.
4. ఇరోసున్: సముద్రం అడుగున ఏముందో ఎవరికీ తెలియదు.
5. ఒషే: నరాల్లో పారే నెత్తురు.
6. ఒబారా: రాజు అబద్ధమాడడు.
7. ఒది: మొదటిసారి గొయ్యి తవ్విన చోటు.
8. ఉన్లే: తలే ఒంటిని మోస్తుంది.
9. ఒసా: నీ ప్రాణమిత్రుడే నీ పరమశత్రువు.
10. ఒఫున్: శాపం పుట్టిన చోటు.
11. ఒవానీ: బుట్టతో నీళ్ళు తోడటం.
12. ఎయిలా: యుద్ధం వస్తే సైనికుడికి నిద్ర ఉండదు.

పదమూడు మెతన్లా, పద్నాలుగు మెరిన్లా, పదిహేను మరున్లా, పదహారు మెరిన్‌దిలోగున్. క్యూబాలో చాలా ఇళ్ళలో పన్నెండు దాటితే ప్రశ్నను బబలావో దగ్గరికి పంపుతారు. ఒక్క నోరూ పైకి లేకపోతే ఒపిరా. ఒపిరా వస్తే చదవరు. దానికంటూ ఉన్న శాంతి చేసి, గవ్వలు చల్లబరిచి, ఆ తరువాతే ముందుకు వెళతారు.

ఒరిషాలకూ అంకెలకూ పొత్తు ఉంది. అయిదులో ఒషున్, తొమ్మిదిలో ఓయా, ఎనిమిదిలో ఒబతాలా, పన్నెండులో షాంగో, ఏడులో యెమాయా ప్రధానంగా మాట్లాడతారు. ఒక్కో అంకెలో ఒకరి కంటే ఎక్కువమంది మాట్లాడతారు కాబట్టి "అయిదు వచ్చింది, ఇది ఒషునే" అని తేల్చేయకూడదు.

కొన్ని అంకెలే ఎందుకు ఎక్కువగా వస్తాయి?

గవ్వ ఏ వైపు పడినా సమాన అవకాశమే అనుకుందాం. పదహారు గవ్వలు 65,536 రకాలుగా పడగలవు. వాటిలో ఎనిమిది నోళ్ళు వచ్చేవి 12,870, అంటే నూటికి దాదాపు 20. ఏడు, తొమ్మిది ఒక్కోటీ 11,440. ఆరు, పది ఒక్కోటీ 8,008. ఆరు నుంచి పది దాకా ఉన్న అయిదు అంకెలే పదిసార్లలో దాదాపు ఎనిమిదిసార్లు వస్తాయి. నాలుగు, పన్నెండు ఒక్కోటీ నూటికి మూడు కూడా రావు. ఒకానా, అంటే ఒక్క నోరు, 65,536లో 16 సార్లు. ఒపిరా ఒకే ఒక్కసారి.

నిజం గవ్వ నాణెం కాదు. వీపు ఎంత తీశారు, గోడ ఎంత మందం అనే దాన్ని బట్టి ఒకవైపు మొగ్గు ఉంటుంది, కాబట్టి ఈ లెక్క కచ్చితం కాదు. అయినా తీరు ఇదే. ఒకానా, ఒపిరా వస్తే ఇంట్లో అందరూ ఒక్కసారిగా ఎందుకు నిశ్శబ్దమైపోతారో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. మీ గవ్వల్లో ఒకటి, రెండు తరచుగా వస్తున్నాయంటే ముందు గవ్వల అంచులు చూసుకోండి.

ప్రశ్న వరసగా ఎలా జరుగుతుంది?

క్యూబా పద్ధతి చెబుతాం. నేల మీద చాప. పక్కన చిప్పలో చల్లటి నీళ్ళు. వచ్చినవాళ్ళు సంభావన డబ్బు పెడతారు.

మొదట మొయుబా అనే ప్రార్థన. నీళ్ళను మూడుసార్లు నేల మీద చిలకరించి, పరమేశ్వరుడైన ఒలోదుమారేను, ఒరిషాలను, పోయిన పెద్దల్ని పేరుపేరునా, ఆ తరువాత బతికున్న పెద్దల్ని, తనకు దీక్ష ఇచ్చినవాళ్ళను తలుస్తారు. ఇది అయిదు నిమిషాలు పట్టవచ్చు, పావుగంటా పట్టవచ్చు. తొందరపెట్టకండి. వంశం పేర్లు చెప్పలేనివాళ్ళు గవ్వలు పట్టకూడదని పెద్దల మాట.

తరువాత గవ్వలను రెండు అరచేతుల మధ్య రుద్ది, చాపకు దగ్గరగా, తక్కువ ఎత్తు నుంచి వదులుతారు. పైనుంచి విసిరితే చెల్లాచెదురై కొన్ని చాప దాటిపోతాయి. నోళ్ళు లెక్కపెట్టి కాగితం మీద రాస్తారు. రెండోసారి వేస్తారు. మొదటిసారి ఆరు, రెండోసారి ఎనిమిది వస్తే "ఒబారా తోంతి ఉన్లే". ఇలా రెండు కలిసి ఒక జంట ఒడు అవుతుంది. రెండుసార్లూ ఒకటే వస్తే దాన్ని మెజి అంటారు: ఏడు, ఏడు వస్తే ఒది మెజి. పదహారును పదహారుతో గుణిస్తే 256.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా. నైజీరియాలోని ఓయోలో సలాకో అనే పూజారి దగ్గర అమెరికా మానవశాస్త్రవేత్త విలియం బాస్కమ్ 1951లో సేకరించిన పద్ధతిలో ఒడుకు ఒక్క వేటు చాలు, దానికింద చాలా పద్యాలు ఉంటాయి. పూజారి తెలిసినవన్నీ చెబుతాడు, వచ్చినవాళ్ళు "ఇది నాదే" అన్నప్పుడు ఆగుతాడు. జంట ఒడు క్యూబాలో బలపడింది. ఏది అసలుది అనే గొడవ అనవసరం. రెండూ బతికున్న పద్ధతులే.

జంట తేలాక ఇబో ప్రశ్నలు, అంటే అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నలు మొదలవుతాయి. ఒక మామూలు సిటింగ్‌లోనే గవ్వలు ఇరవై, ముప్పైసార్లు పడవచ్చు. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి: ఏ వేటు ఏ ప్రశ్నకో రాసుకోకపోతే నాలుగో ప్రశ్న దగ్గరే తికమక మొదలవుతుంది.

ఇబో అంటే ఏమిటి? ఎడమ చెయ్యి, కుడి చెయ్యి అని ఎందుకు అంటారు?

ఇబో అంటే చేతిలో దాచే చిన్న వస్తువులు. ఎక్కువగా వాడేవి రెండు: ఎఫున్ అనే తెల్లటి సుద్ద ముక్క, ఒక చిన్న నల్లరాయి. ఎముక ముక్క, గింజ, చిన్న బొమ్మ తల వంటివి వేరే ప్రశ్నలకు వాడతారు.

వచ్చినవాళ్ళు ఎఫున్‌ను, రాయిని రెండు అరచేతుల మధ్య కలిపి, కనిపించకుండా చేతికొకటి పట్టుకుంటారు. ఎందులో ఏముందో గవ్వలు వేసేవాళ్ళకు తెలియదు. గవ్వలు వేస్తారు. అంకెల్లో పెద్దవి, చిన్నవి అని రెండు జట్లు: 1, 2, 3, 4, 8, 10, 12, 13, 14, 15, 16 పెద్దవి, 5, 6, 7, 9, 11 చిన్నవి. ఇక్కడ పెద్ద, చిన్న అంటే లెక్కలో కాదు, హోదాలో. అందుకే ఒకటి పెద్దది, పదకొండు చిన్నది. మొదటి వేటులోనే పెద్దది వస్తే ఎడమ చెయ్యి తెరవమంటారు. చిన్నది వస్తే మళ్ళీ వేస్తారు, అప్పుడు పెద్దది వస్తే కుడి చెయ్యి. రెండూ చిన్నవైతే ఏ చెయ్యి అనేది ఆ ఇంటి పెద్దలు నేర్పిన నియమం ప్రకారం.

తెరిచిన చేతిలో ఎఫున్ ఉంటే చాలా ఇళ్ళలో "అవును", నల్లరాయి ఉంటే "కాదు". పిల్లలు "ఏ చేతిలో ఉందో చెప్పుకో" అని ఆడినట్టే ఉంటుంది చూడ్డానికి, కానీ ఆ అరచేయి విప్పేటప్పుడు గదిలో ఊపిరి వినిపిస్తుంది.

ఇరే, ఒసోబో అంటే?

ఒడు ఏ రూపంలో వచ్చిందో చెప్పే మాటలు. ఇరే అంటే మేలు, ఒసోబో అంటే కీడు. ఒకే ఒడు ఇరేతో రావచ్చు, ఒసోబోతో రావచ్చు. కాబట్టి "తొమ్మిది చెడ్డ అంకె" అనే మాటకు అర్థం లేదు.

ఇరేలో దీర్ఘాయువు ఇచ్చేది అరికు. అది కాక డబ్బు మేలు, చేతుల కష్టంతో వచ్చే మేలు వంటివి ఉంటాయి. ఒసోబోలో ఇకు అంటే చావు, అరున్ అంటే జబ్బు, ఒఫో అంటే నష్టం, తియా తియా అంటే చాడీలు, పుకార్లు. ఇకు వచ్చిందని విని చాలామంది కుప్పకూలిపోతారు. అది తీర్పు కాదు, హెచ్చరిక. కీడు ఎవరి వల్ల, ఎక్కడి నుంచి, ఏం చేస్తే పోతుంది అని అడగడానికే ఆ తరువాతి ఇబో ప్రశ్నలన్నీ. కీడు పేరు చెప్పి, దాన్ని తప్పించే దారి అడగకుండా గవ్వలు మూసేయడం ఈ విద్యలో పెద్ద తప్పు.

ఎబో అంటే బలేనా? తప్పనిసరిగా కోడిని కోయాలా?

ఎబో అంటే సమర్పణ. ఒక కొవ్వొత్తి, పళ్ళు, తేనె, ఆకుల నీళ్ళతో స్నానం, కొన్ని రోజులు తెల్లబట్టలు, ఒక పని మానేయడం, ఒకరికి క్షమాపణ చెప్పడం ఇవన్నీ ఎబోనే. ఏది చాలో గవ్వలనే అడుగుతారు, చిన్నదానితో మొదలుపెట్టి. చిన్నది చాలు అన్నప్పుడు పెద్దది చేయరు.

జీవహింస కూడా ఉంటుంది, దాన్ని దాచిపెట్టి చెప్పడం సరికాదు. అమెరికాలో హయలీయా నగరం దీన్ని నిషేధిస్తే 1993లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. బ్రెజిల్ సుప్రీంకోర్టు 2019లో ఆఫ్రికన్ సంప్రదాయాల బలి చట్టబద్ధమేనంది. బోనాల్లో కోడిని, మేకను ఇచ్చే ఊళ్ళవాళ్ళకు ఇది కొత్త చర్చ కాదు.

బ్రెజిల్‌లో ఎలా వేస్తారు?

చాలా ఇళ్ళలో చాప బదులు బల్ల. దాని మీద తెల్ల గుడ్డ లేదా జల్లెడ, చుట్టూ ఒరిషాల రంగుల పూసల దండలు వలయంగా. గ్లాసులో నీళ్ళు, కొవ్వొత్తి. గవ్వలు ఆ వలయంలో పడతాయి. ఎన్ని తెరుచుకున్నాయన్నదే కాక, ఎటు పడ్డాయి, ఏ గవ్వ ఏ గవ్వకు దగ్గరగా ఉంది అన్నది కూడా చాలా ఇళ్ళలో చదువుతారు. మొదట అడిగేది తరచుగా ఒకే ప్రశ్న: ఈ మనిషి తలకు యజమాని ఏ ఒరిషా?

పేర్లు కొంచెం మారతాయి. ఎనిమిది ఎజియోనిలే, పన్నెండు ఎజిలాషెబోరా, పదమూడు ఎజియోలోగ్బోన్, పద్నాలుగు ఇకా, పదిహేను ఒబెయోగుందా, పదహారు అలాఫియా. క్యూబాలో పదమూడు నుంచి వాడే పేర్లు కేవలం అంకెల పేర్లే, బ్రెజిల్‌లో అవి ఒడుల పేర్లు.

ప్రొఫెసర్ అజెనోర్ మిరండా రోషా (1907–2004) 1928లో ఒక నోటుపుస్తకంలో ఈ ఒడుల కథలను రాసిపెట్టారు. బహియా రాష్ట్రంలో కాందోంబ్లే గుళ్ళు పోలీసుల అనుమతి తీసుకోవాలన్న నియమం 1976 దాకా ఉంది. అంత ఒత్తిడిలోనూ ఈ విద్య పోకుండా నిలిచిందంటే కారణం ఇలాంటి నోటుపుస్తకాలు, అంతకంటే ఎక్కువగా పెద్దమ్మల జ్ఞాపకశక్తి. ఇలే అషే ఒపో అఫోంజా గుడిని 1910లో స్థాపించిన మాయ్ అనీన్యా, గంతోయిస్ గుడి మాయ్ మెనినీన్యా (1894–1986) అలాంటివారు. అక్కడ "మాయ్" అంటే అమ్మ.

క్యూబాలో ఆడవాళ్ళు గవ్వలు వేస్తారా?

వేస్తారు. దీక్షలు నడిపి, పెద్ద గవ్వల ప్రశ్న చదివే ఒరియాతే పదవిలో ఇప్పుడు ఎక్కువగా మగవాళ్ళు కనిపిస్తారు. కానీ 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో హవానాలో ఆ పదవిలో పేరు మోసింది తిమోతేయా అల్బేయార్, అందరూ పిలిచే పేరు లతువాన్. ఆమె దగ్గర నేర్చుకున్న మగవాళ్ళ వంశాలే ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఇతా అంటే ఏమిటి?

దీక్ష తీసుకున్న మూడోరోజు జరిగే పెద్ద ప్రశ్న. ఆ మనిషి అందుకున్న ప్రతి ఒరిషా, తన తన గవ్వలతో వరసగా మాట్లాడుతుంది. జీవితమంతా పాటించాల్సినవి అప్పుడే తేలతాయి: ఏ తిండి మానాలి, ఏ రంగు కట్టకూడదు, ఏ చోటికి వెళ్ళకూడదు. ఒకరు పక్కన కూర్చుని అంతా పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకాన్ని లిబ్రెతా అంటారు.

రాసేవాళ్ళు చేసే పొరపాటు ఒకటి మాటిమాటికీ కనిపిస్తుంది: ఒడు రాసి, అది ఇరేనా ఒసోబోనా రాయకపోవడం. పదేళ్ళ తరువాత తీసి చూస్తే సగం అర్థం పోయి ఉంటుంది. ఏ ఒరిషా గవ్వలు, రెండు అంకెలు, ఇరే లేదా ఒసోబో, ఎబో, నిషేధం. ఈ అయిదూ ప్రతి పేజీలో ఉండాలి.

నాలుగు గవ్వలతో అవును, కాదు అడగడం ఏమిటి?

అది వేరే, చిన్న పద్ధతి. నైజీరియాలో నాలుగు పప్పుల కోలా గింజతో, క్యూబాలో నాలుగు కొబ్బరి ముక్కలతో అడిగేదాన్నే కొందరు గవ్వలతో చేస్తారు. క్యూబా కొబ్బరిలో తెల్లవైపు లెక్క. నాలుగూ పైకి వస్తే అలాఫియా, మేలే కానీ మళ్ళీ అడిగి ఖాయం చేసుకోవాలి. మూడు వస్తే ఇతావా, తేలలేదు, మళ్ళీ వేయాలి. రెండు వస్తే ఎజిఫే, గట్టి అవును. ఒకటి వస్తే ఒకానా, కాదు. ఏదీ రాకపోతే ఒయెకున్, కాదు, పైగా ఆగి కారణం వెతకాలి. నాలుగు కంటే రెండే గట్టి జవాబు కావడం కొత్తవాళ్ళకు వింతగా ఉంటుంది: రెండు తెలుపు, రెండు నలుపు, సమతూకం.

ఇంట్లో గవ్వలు కొనుక్కుని నేనే వేసుకోవచ్చా?

లెక్క నేర్చుకోవచ్చు, ఒడుల పేర్లు నేర్చుకోవచ్చు. కానీ అది దిలోగున్ కాదు. ఈ సంప్రదాయంలో గవ్వలు దీక్షలో పుడతాయి: ఆకుల నీళ్ళలో కడిగి, ఒరిషాకు సమర్పించి, పెద్దల చేతుల మీదుగా వస్తాయి. దీక్ష తీసుకున్నా మొదటి ఏడాది, తెల్లబట్టల్లో ఉండే కాలంలో ఇతరులకు వేయరు. ఇంటర్నెట్‌లో దొరికే "ఆరు వస్తే ఇది, ఏడు వస్తే అది" అన్న పట్టీ చదవడం పంచాంగం అట్ట చూసి ముహూర్తం పెట్టడం లాంటిది. అంకె చెప్పడం ఒక నిమిషం పని. దాని వెనకున్న కథల్లో ఏది ఎదురుగా కూర్చున్న మనిషిదో పట్టుకోవడానికే ఏళ్ళు పడుతుంది.

మన సోదికీ, కేరళ గవ్వల ప్రశ్నానికీ దీనికీ సంబంధం ఉందా?

పుట్టుకలో లేదు. కేరళ జ్యోతిష్కులు గవ్వలు లెక్కించి రాశులు, గ్రహాలు చూస్తారు. ఎరుకలసాని చెప్పే సోదిలో దేవతలను పిలిచి మాట్లాడిస్తుంది. పదహారు గవ్వల ప్రశ్నలో గ్రహాలు లేవు. గవ్వ ఒకటే, భాష వేరు.

జబ్బు గురించి అడగవచ్చా?

అడుగుతారు. అరున్ వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళమని చెప్పేవాళ్ళే మంచి పెద్దలు. మాత్రలు మానేయమని గవ్వలు చెప్పాయన్న మనిషి దగ్గర్నుంచి అప్పుడే లేచి వచ్చేయండి.

మోసగాళ్ళను ఎలా పోల్చుకోవాలి?

మొయుబా చెప్పకుండా మొదలుపెడతారు, లేదా తమ దీక్ష ఏ ఇంట్లో, ఎవరి చేతుల మీదుగా జరిగిందో చెప్పరు. మొదటి వేటుకే భయపెట్టి, అప్పటికప్పుడు పెద్ద మొత్తం అడుగుతారు. ఎబో అవసరమా అని గవ్వలను అడగకుండా తామే తేలుస్తారు. మీరు రాసుకుంటానంటే వద్దంటారు. నిజమైన ఇంట్లో సంభావన ముందే చెబుతారు, అది చెప్పినదానికంటే పెరగదు.

వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్ళాలి?

చెప్పిన సంభావన, ఒక నోటుపుస్తకం, పెన్ను. ఇంతకుముందు ఇతా జరిగి ఉంటే ఆ పుస్తకం. మీ ప్రశ్నను ముందే పూర్తిగా చెప్పాల్సిన పనిలేదు, యోరుబా పద్ధతిలో మనసులోనే అనుకుంటారు. చదివింది అర్థం కాకపోతే అక్కడే అడగండి, ఇంటికెళ్ళి ఊహించుకోకండి. అదే ప్రశ్నను అదే రోజు ఇంకొకరి గవ్వల దగ్గర మళ్ళీ అడగకండి. చెప్పిన ఎబో ఉంటే ముందు అది చేసి రండి.